నోట్లో లవంగం

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతుందాండి? ఆ ఫ్యాను కింద కూర్చున్న బాబాయిగారు చెయ్యెత్తారు, వినపడట్లేదనా, వినపడుతుందనా? సరే, కొంచెం గట్టిగా మాట్లాడతా. వేదిక మీద పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారం చెప్పాలి, కానీ మొదలుపెడితే నాకిచ్చిన 20 నిమిషాల్లో సగం దానికే పోద్ది, నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ అందరి పేర్లూ చెప్పేశారు కాబట్టి వాళ్ళ నమస్కారాల్లో నాది కూడా కలుపుకోండి. శాలువా బాగుంది, థాంక్స్ అండి. ఇంట్లో ఇప్పటికే చాలా ఉన్నాయి, మా అత్తగారు వాటిని ఫ్రిజ్ మీద కప్పుతున్నారు, ఇది మాత్రం నేను కప్పుకుంటా, రంగు నచ్చింది.

నాకిచ్చిన టాపిక్ 'యువతలో పఠనాసక్తిని పెంపొందించడం ఎలా'. ప్రతి ఏడాది నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, ప్రతి ఏడాది ఇదే టాపిక్. ఇదే గుంటూరులో ఇదే టాపిక్ మీద నేను మూడుసార్లు మాట్లాడా. మూడుసార్లూ సెల్‌ఫోన్‌ని తిట్టి దిగిపోయా. మీరూ చప్పట్లు కొట్టారు. కొట్టిన వాళ్ళ చేతుల్లోనూ సెల్‌ఫోన్లే ఉన్నాయి, అది వేరే సంగతి. ఈసారి తిట్టను. ఈసారి ఒక పని చెప్తా, అది చేస్తూ నేను చేసిన తప్పొకటి చెప్తా. నిజానికి తప్పు చెప్పడానికే వచ్చా, పని దానికి సాకు.

నేను తెలుగు లెక్చరర్‌ని. మన జిల్లాలోనే ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. 'మాలపల్లి' నవల గురించి నేను 15 ఏళ్ళు పిల్లలకి చెప్పాను. ఎట్టా చెప్పానో వినండి, కళ్ళు మూసుకుని చెప్పగలను ఇప్పుడు కూడా: ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో వేములూరుపాడులో పుట్టారు, ఐర్లండ్ వెళ్ళి బారిస్టర్ అయ్యొచ్చారు, గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు, పల్నాడు పుల్లరి గొడవలో జైలుకెళ్ళారు, ఆ జైల్లో కూర్చుని రాశారీ నవల, 1922లో అచ్చయింది, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పీఠిక రాశారు, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది, చివరికి 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక అడ్డు తొలగింది. ఫుల్‌స్టాప్. రాసుకోండి. పిల్లలు రాసుకునేవాళ్ళు. పరీక్షలో దింపేసేవాళ్ళు, నాలుగు మార్కులకి నాలుగూ వేసేదాన్ని. ఆ 15 ఏళ్ళలో నవల తెరిచి చూసినవాడు ఒక్కడంటే ఒక్కడు నాకు తగల్లేదు. మన ఊరి మనిషి మన ఊళ్ళ గురించి రాసిన నవల, మన పిల్లలకి నాలుగు మార్కుల ప్రశ్న.

అంతకుముందు నేను పనిచేసిన చోటైతే ఆ నాలుగు మార్కులు కూడా లేవు. ఇది చెప్పకుండా ముందుకి పోలేను, క్షమించాలి. ఉద్యోగం రాకముందు నాలుగేళ్ళు విజయవాడ దగ్గర ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చేశా, పేరెందుకులెండి, ఈ హాల్లో సగం మంది పిల్లలు అలాంటివాటిలోనే చదివుంటారు. అక్కడ జాయినయిన రోజే పిల్లలందరికీ సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం టిక్కు పెట్టేస్తారు, ఎందుకంటే సంస్కృతమైతే నూటికి తొంభై తొమ్మిది వస్తాయని. పిల్లాడికి సంస్కృతం వచ్చా అంటే రాదు, నేర్చుకుంటాడా అంటే నేర్చుకోడు, తెలుగు వచ్చిన పిల్లాడు తెలుగు మానేసి రాని భాషలో తొంభై తొమ్మిది తెచ్చుకుంటాడు, ఇదేం చిత్రమో నాకిప్పటికీ అర్థం కాదు. మొండిగా తెలుగే కావాలన్న పదిమందికి నేను టీచర్ని. ఆ పదిమంది పీరియడ్ కూడా మ్యాథ్స్ వాళ్ళకి ఇచ్చేయమనేవాళ్ళు, వారంలో రెండుసార్లు, మూడుసార్లు. ఒకరోజు నేను క్లాసులో ఒక కథ చదివి వినిపిస్తుంటే అక్కడి పెద్దాయన కిటికీలోంచి చూసి, తర్వాత పిలిచి, "మేడమ్, పిల్లలు నవ్వుతున్నారేంటి క్లాసులో?" అన్నాడు. నవ్వితే తప్పా సార్ అన్నా. "నవ్వితే టైమ్ పోద్ది కదా మేడమ్" అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. సరే, ఆయన సంగతి వదిలేద్దాం, దీని గురించి మాట్లాడితే నాకు బీపీ వస్తుంది, అసలు విషయానికి వస్తా.

అసలు విషయం ఎక్కడ మొదలైందంటే నా గొంతు దగ్గర. ఐదారేళ్ళ కింద ఒక జనవరిలో నా గొంతు పోయింది. జలుబు కాదు, మాటే రావట్లేదు, గాలి వస్తోంది అంతే. డాక్టర్ వారం రోజులు నోరు తెరవొద్దన్నాడు. సెలవులు అయిపోయినయ్యి. ఏం చెయ్యాలి? మా అమ్మ లవంగం నోట్లో పెట్టుకో అంది. లవంగం నోట్లో పెట్టుకుని కాలేజీకి పోయి బోర్డు మీద రాశా: 'ఈ వారం నేను మాట్లాడను. మీరే మాట్లాడాలి.' పిల్లలు గోల గోల, వాళ్ళకి పండగ. సీఈసీ రెండో సంవత్సరం, 42 మంది. అంతే అండి, పెద్ద విద్యావిధానం ఏదో చదివి, ట్రైనింగుకి వెళ్ళి చేసింది కాదు. గొంతు పోయి చేశా.

నవల మొత్తం వాళ్ళతో చదివించడం అయ్యే పని కాదు, చిన్న పుస్తకం కాదు అది. సంగదాసు చనిపోయే భాగం, దాని ముందూ వెనకా కలిపి కొన్ని పేజీలు జిరాక్స్ తీయించా, ముగ్గురికి ఒక కాపీ. రెండు రోజులు ఇంట్లో చదువుకు రమ్మన్నా. ఒక్కొక్కళ్ళు రెండు ప్రశ్నలు రాసుకు రావాలి, రూల్ ఒకటే, గైడులో జవాబు దొరికే ప్రశ్న అయితే చెల్లదు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో కథ: రామదాసు మాలపల్లెలో పెద్దమనిషి, భక్తుడు. ఆయన కొడుకు సంగదాసు ఊళ్ళో చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసంటే ప్రాణం. కూలి దగ్గర గొడవొస్తుంది, సంగదాసు కూలివాళ్ళ పక్షాన నిలబడతాడు, చౌదరయ్య కోపంలో కొడతాడు, పిల్లాడు చచ్చిపోతాడు. రామదాసు పగ పెంచుకోడు. ఇంకో కొడుకు వెంకటదాసు మాత్రం ఇంట్లోంచి వెళ్ళిపోయి తక్కెళ్ళ జగ్గడనే పేరుతో దొంగ అవుతాడు, ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పంచే దొంగ.

బెంచీలు గోడకి జరిపించా. ఆ చప్పుడుకి పక్క క్లాసు కామర్స్ సార్ వచ్చి చూసి వెళ్ళాడు. నేల మీద గుండ్రంగా ఒక ఇరవై మంది, వాళ్ళ వెనకాల ఇంకో వలయంగా మిగతావాళ్ళు. లోపలివాళ్ళు మాట్లాడతారు, బయటివాళ్ళు వింటారు, రాసుకుంటారు, మర్నాడు అటువాళ్ళు ఇటు. ఎవరో ఇద్దరే మొత్తం మాట్లాడేస్తారని నాకు ముందే తెలుసు, అందుకని ఇంట్లోంచి చింతపిక్కలు తీసుకెళ్ళా, ఒక పాత హార్లిక్స్ సీసా నిండా. మనిషికి మూడు పిక్కలు. ఒకసారి మాట్లాడితే ఒక పిక్క మధ్యలో పడేయాలి. మూడూ అయిపోతే నోరు మూసుకుని వినాలి. మధ్యలో పడ్డ పిక్క మళ్ళీ వెనక్కి రాదు. ఈ చివరి రూల్ గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

మొదటి గంట ఏమైందో తెలుసా? పుస్తకం పేరు దగ్గరే ఆగిపోయింది. నడిపేది పిల్లలే కదా, ఒకడిని వాళ్ళే లీడర్‌గా పెట్టుకున్నారు, వాడు లేచి "ఈరోజు మనం ఆ నవల గురించి..." అన్నాడు. ఏ నవలరా అన్నారు పక్కనోళ్ళు. "అదే, ఆ నవల." పేరు పలకడు. ఇంకొకడు నా వైపు తిరిగి, "మేడమ్, ఆ పేరు బయటికి అనొచ్చా, కేసు అవుద్దేమో" అన్నాడు. నవ్వొచ్చింది నాకు, నవ్వితే లవంగం గొంతులోకి పోయేది. కానీ క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే మనందరికీ తెలిసిన విషయమే, మన పక్క ఊరంటే ఊరు, పల్లె అంటే పల్లె, అంటే దళితులుండే వాడ, పుస్తకం పేరులోనేమో కులం పేరే ఉంది. ఆ 42 మందిలో ఎవరు ఊళ్ళోంచి వస్తారో, ఎవరు పల్లెలోంచి వస్తారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బెంచీలు ఉన్నన్ని రోజులూ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో అదే చెప్పేది. ఒకమ్మాయి అంది, ఈ పుస్తకానికి 'సంగవిజయం' అని ఇంకో పేరు కూడా ఉందంట కదా, ఆ పేరుతో మాట్లాడుకుందాం అని. సగం మంది హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒక కుర్రాడు, పల్లె నుంచి వచ్చేవాడే, "పుస్తకం మీద ఏం రాసుందో అది చదవండ్రా, మాకు లేని ఇబ్బంది మీకేంటి" అని ఒక పిక్క తీసి మధ్యలోకి విసిరాడు. టక్కుమని శబ్దం. ఆ గంటలో నాకు బాగా వినపడింది ఆ శబ్దమే. ముప్పావు గంట, ఒక పేరు దగ్గర. సిలబస్ లెక్కన సున్నా. నేను 15 ఏళ్ళలో ఆ పేరు బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, ఒక్కసారి కూడా దాని గురించి వాళ్ళ మొహాల్లోకి చూడలేదు.

ఇంకోటి. బయటి వలయంలో ఒక పిల్లని మ్యాపు గీయమన్నా. కాగితం మీద గుండ్రంగా అందరి పేర్లూ రాసి, ఎవరు ఎవరితో మాట్లాడితే వాళ్ళిద్దరి మధ్యా గీత. గంట అయ్యాక చూస్తే గీతలన్నీ ఒక మూలకి పోతున్నాయి. ఆ మూలన ఎవరున్నారు? నేను. నేను నోరు తెరవలేదు మహాప్రభో, వెనక బెంచీ మీద కూర్చుని లవంగం చప్పరిస్తున్నా, అయినా ప్రతివాడూ మాట్లాడేది నా మొహం చూసే. నేను తలూపితే కరెక్టు, ఊపకపోతే తప్పు. రెండో రోజు కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నా. మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ టీచరుగా పనిచేసిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి చేసి చూడండి, క్లాసు వైపు వీపు పెట్టి 45 నిమిషాలు. పావుగంట దాటాక వేళ్ళు వణుకుతాయి. ఎవడో తప్పు చెప్తాడు, అది తప్పని మనకి తెలుసు, నోటి చివర ఉంటుంది. ఆగాలి. రెండు నిమిషాలు ఆగితే వాళ్ళల్లో ఇంకొకడు "అది కాదురా, ఇక్కడ చూడు ఏం రాసుందో" అంటాడు. ఆ రెండు నిమిషాలు ఆగడమే ఈ మొత్తం పనిలో కష్టం. మిగతాదంతా చింతపిక్కలే.

రెండో రోజు అద్భుతంగా జరిగింది అనే మాట వాడను గానీ, జరిగింది. కూలి గింజల్లో ఇవ్వాలా డబ్బుల్లో ఇవ్వాలా అనే గొడవ ఉంది కదా నవల్లో, దాని దగ్గర పట్టుకున్నారు. లీడర్ కుర్రాడు ఎకనామిక్స్ బాగా చదువుతాడు, డబ్బు అయితే మనిషికి స్వేచ్ఛ, ఏం కావాలంటే అది కొనుక్కోవచ్చు, గింజల పద్ధతి పాతకాలం అని చక్కగా చెప్పాడు. వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయే పిల్లొకతి ఉంది, అది అడిగింది: "ధరలు పెరిగితే? డబ్బులు అవే ఉంటాయి. గింజలైతే ఎవడు ధర పెంచినా మన తట్టలో గింజలు మన తట్టలోనే ఉంటయ్యి కదా." ఎకనామిక్స్ కుర్రాడు ఆగిపోయాడు. చౌదరయ్యలు గింజలు మానేసి డబ్బులిస్తామనడం ఎందుకో, పాలేళ్ళు ఒప్పుకోకపోవడం ఎందుకో నేను ఎన్నో ఏళ్ళు 'ఆర్థిక దోపిడీ' అని రెండు మాటల్లో చెప్పి పేజీ తిప్పేశా. అది తట్ట పెట్టి చెప్పింది. ఇంకొకడు పుల్లరి అంటే ఏంటి అన్నాడు. మాచర్ల నుంచి వచ్చేవాడు అందుకున్నాడు, అడివిలో గొడ్లు మేపుకుంటే కట్టే పన్నురా, కన్నెగంటి హనుమంతుని కాల్చింది దానికే, మించాలపాడు, 1922 ఫిబ్రవరిలో, మా బడిలో ఏటా చేస్తాం అన్నాడు. ఆ ఏడాదే ఈ పుస్తకం కూడా అచ్చయిందిరోయ్ అని ఇంకొకడు. నేను పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చెప్పని రెండు సంగతులు వాళ్ళంతట వాళ్ళు పక్కపక్కన పెట్టుకున్నారు. మధ్య మధ్యలో పుస్తకంలో భాష చూసి, "మా అమ్మమ్మ ఇట్టాగే మాట్లాడుద్ది" అని విరగబడి నవ్వడం. నవ్వితే టైమ్ పోద్దని ఒకాయన అన్నాడని చెప్పా కదా. పోలేదు. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

సరిగ్గా అదే రోజు పైనుంచి ఒక ఆఫీసర్‌గారు తనిఖీకి వచ్చారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు, పిల్లలు కింద, బెంచీలు గోడకి, లెక్చరర్ గోడ వైపు తిరిగి కూర్చునుంది. "ఈ క్లాసు టీచర్ ఎవరు?" నేను లేచా. "పాఠం చెప్పట్లేదా?" నాకు మాట రాదు, లవంగం ఉంది, చేత్తో గొంతు చూపించా. ఒక పిల్లాడు లేచి, "మేమే చెప్పుకుంటున్నాం సార్" అన్నాడు. ఆయన రిజిస్టర్‌లో ఏదో రాసుకుని వెళ్ళారు. నెల తర్వాత కాగితం వచ్చింది, 'బోధన జరుగుట లేదు' అని. ఆ కాగితం దాచుకున్నా. ఈ శాలువాలన్నింటికంటే నాకదే ఎక్కువ.

ఇప్పుడు మూడో రోజు. ప్రెసిడెంటుగారూ, చీటీ చూశాను, ఐదు నిమిషాలు అంటున్నారు, ఇది చెప్పకుండా దిగను, కావాలంటే శాలువా వెనక్కి తీసుకోండి.

మూడో రోజుకి నా గొంతు వచ్చింది. అదే కొంప ముంచింది.

ఆ రోజు రామదాసు గొప్పవాడా, జగ్గడు గొప్పవాడా అని వేసుకున్నారు. మగపిల్లల్లో సగం మంది జగ్గడి పార్టీ, సినిమా హీరోలాగా ఉన్నాడు మరి. ఇంకో సగం గైడు పార్టీ, రామదాసు శాంతమూర్తి, క్షమాగుణం వగైరా. అరుపులు, కేకలు, పిక్కలు టపటపా పడుతున్నయ్యి. లోపలి వలయంలో ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను. రెండు రోజులూ మూడు పిక్కలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది, ఒక్కటీ వాడలేదు. రెండేళ్ళలో ఆ పిల్ల గొంతు నేను అటెండెన్స్‌కి తప్ప వినలేదు. ఆ రోజు ఉన్నట్టుండి ముందుకి వంగి ఒక పిక్క మధ్యలో పెట్టింది. విసరలేదు, పెట్టింది. పెట్టి అంది, "కొడుకుని చంపినా రామదాసు ఏమీ అనలేదు, దాన్ని శాంతం అంటున్నారు. శాంతం ఏంటి? మర్నాడు పొద్దున లేచి అదే ఊళ్ళో తిరగాలిగా. మా తాత కూడా అంతే. మా తాతని కూడా అందరూ శాంతపరుడు అంటారు. ఆ పేరు మా తాత పెట్టుకోలేదు, మీరు పెట్టారు."

మీరు, అంది. ఎవరిని అందో తెలీదు. క్లాసునా, గైడు పార్టీనా, నన్నా. క్లాసంతా నిశ్శబ్దం. అది ఇంకా ఏదో చెప్పబోతోంది, నోరు తెరిచింది కూడా, నేను చూశా, ఎందుకంటే అప్పటికే కుర్చీ ఇటు తిప్పేశా.

తిప్పేసి, లవంగం తీసి చేతి రుమాల్లో పెట్టి, మాట్లాడటం మొదలుపెట్టా. "చాలా మంచి పాయింట్ అమ్మా" అన్నా ముందు. టీచర్లు ఈ మాట అన్నారంటే మంచి పాయింట్‌ని పాతిపెట్టబోతున్నారని అర్థం. గాంధీగారి ప్రభావం అన్నా, అహింస అన్నా, రామదాసుది భయం కాదు ఆత్మబలం అన్నా, వేదాంతం అన్నా, రచయిత ఉద్దేశం అన్నా, జైలు అన్నా, బారిస్టర్ అన్నా. ఏడు నిమిషాలు. మ్యాపు గీసే పిల్ల టైము వేసింది, తర్వాత చూశా. పిల్లలందరూ పుస్తకాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. అమ్మయ్య, మేడమ్ జవాబు చెప్పేసింది, ఇంక గొడవ లేదు.

నేను మాట్లాడుతుండగా ఆ అమ్మాయి మెల్లిగా చెయ్యి చాపి మధ్యలో ఉన్న కుప్పలోంచి ఒక పిక్క తీసుకుంది. తనదే తీసుకుందో, ఏదో ఒకటి తీసుకుందో. మూడూ మళ్ళీ గుప్పిట్లో పెట్టుకుని వెనక్కి జరిగి బయటి వలయంలో కూర్చుంది. పడ్డ పిక్క వెనక్కి రాదని రూల్. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మార్చిలో పరీక్షలు అయిపోయేదాకా ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. పరీక్షలో రామదాసు పాత్ర మీద ప్రీఫైనల్‌లో ప్రశ్న ఇచ్చా, నేను చెప్పిన ఏడు నిమిషాలూ ముక్క పోకుండా రాసింది. శాంతమూర్తి అని. ఎన్ని మార్కులు వేస్తారు మీరైతే? నేను ఫుల్ వేశా. వేసి, ఆ రాత్రి నిద్రపోలేదు.

ఎందుకు మాట్లాడావు అని నన్ను నేను చాలాసార్లు అడిగా. అలవాటు అనుకున్నా కొన్నాళ్ళు. టీచర్ కదా, దురద. కాదండి. మీలో చాలామందికి నేను ఎవరింటి పిల్లనో తెలుసు. మా నాయనమ్మ వాళ్ళ ఊరు సత్తెనపల్లి పక్క. వేసవి సెలవులకి పోయేవాళ్ళం. దొడ్లో బావి పక్క గోడకి ఒక గూడు, ఆ గూట్లో ఒక సత్తు గ్లాసు, అంచు సొట్టపోయింది. అది పాలేరుది. ఆయన వచ్చి తనే తీసుకుని కింద కూర్చుంటే మా నాయనమ్మ పైనుంచి మజ్జిగ పోసేది, తాగి తనే కడిగి తనే గూట్లో బోర్లించి పోయేవాడు. ఒకసారి నేను ఆ గ్లాసుతో నీళ్ళు తాగబోతే వీపు మీద ఒక్కటి పడింది. ఆయన్ని గురించి మా ఇంట్లో ఏమనేవాళ్ళో తెలుసా? "చాలా శాంతం మనిషి, పల్లెత్తు మాట అనడు." ఆ పేరు పెట్టింది మేమే. ఆ పిల్ల 'మీరు' అన్నప్పుడు నాకు గూడు కనపడింది. గూడు కనపడగానే గాంధీగారిని అడ్డం పెట్టుకున్నా. పాపం ఆయన చాలామందికి ఇట్టా అడ్డంగా నిలబడ్డాడు.

ఇక్కడ తెలుగు మాస్టార్లు చాలామంది ఉన్నారు, మా గురువుగారు కూడా ముందు వరసలో ఉన్నారు, నమస్కారం మాస్టారూ. నేను మిమ్మల్ని అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు, మనం నవల చెప్తున్నామా, నవల నుంచి పిల్లల్ని కాపాడుతున్నామా, లేకపోతే పిల్లల నుంచి మనల్ని మనం కాపాడుకుంటున్నామా? సంగదాసు చనిపోయే పేజీ దగ్గర మన క్లాసులో ఎవరి గొంతు ఆగుద్ది, ఎవరి గొంతు పెరుగుద్ది, మనకి తెలుసు. తెలిసి 'పాత్ర చిత్రణ' అని హెడ్డింగు పెడతాం. చేతులెత్తమని అడగను, కంగారు పడకండి.

ఆ తర్వాత కూడా నేను ఏటా చేస్తున్నా ఈ వలయాలు. గొంతు బాగున్నా లవంగం పెట్టుకుంటా. కొన్ని మార్చా. నడిపే పిల్లలు ఇద్దరు ఉండాలి, ఒకడైతే వాడే మేడమ్ అయిపోతాడు. మొదటి ప్రశ్న పేజీలోంచే రావాలి, వేలు పెట్టి చూపించాలి, లేకపోతే గాల్లో కబుర్లు. ఎవరైనా వాళ్ళ ఇంటి సంగతి చెప్తే దాని మీద ఎవరూ వెంటనే మాట్లాడకూడదు, కాసేపు ఊరుకోవాలి, ముఖ్యంగా నేను. ఎవర్నీ నీ కులం వాళ్ళు ఏమంటారు అని అడగకూడదు, ఇది ఒకసారి జరిగింది, చాలా పాడైంది ఆ రోజు, అందుకే రూల్ అయింది. అన్నిసార్లూ బాగా జరగదు, రెండేళ్ళ కింద బ్యాచ్ అయితే చింతపిక్కలతో ఆటలాడుకున్నారు అంతే. అయినా ఒక సంగతి చెప్తా, ఈ లైబ్రరీలో 'మాలపల్లి' కాపీ అట్ట ఊడిపోయి ఉంది, లైబ్రేరియన్‌గారు నా మీద కోప్పడ్డారు మీ పిల్లలే ఊడగొట్టారని. సారీ అండి. కొత్తది నేను కొనిస్తా. పాతది మాత్రం తీసేయకండి.

ఇంకొక్క నిమిషం. పోయిన సంక్రాంతికి ముందు ఆ అమ్మాయి కనపడింది నాకు. మన ఆర్టీసీ బస్టాండులో, పల్నాడు వైపు బస్సులాగే చోట. చీర కట్టుకుంది, చంకలో బాబు, భుజానికి పెద్ద సంచి. నేనే గుర్తుపట్టా. నమస్తే మేడమ్ అంది, బాగున్నారా అంది, డిగ్రీ మధ్యలో పెళ్ళయిందంట, ఇప్పుడు డిస్టెన్స్‌లో కట్టిందంట. బాబుకి నా బ్యాగులో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చా. ఎట్టా అడగాలో తెలీక బస్సు వచ్చేదాకా ఏవేవో మాట్లాడా, అడిగా చివరికి. ఆ రోజు క్లాసులో, రామదాసు గురించి మాట్లాడుతుంటే నేను మధ్యలో అడ్డం వచ్చా కదమ్మా, నువ్వు ఇంకా ఏం చెప్దామనుకున్నావు అని.

నా మొహం వైపు చూసింది కాసేపు. "గుర్తులేదు మేడమ్" అంది.

మాచర్ల బస్సు వచ్చింది. సంచి నేను అందించా. కిటికీ పక్కన సీటు దొరికింది పిల్లకి, బాబుతో నాకు టాటా చెప్పించింది.

సరేనండి, టీ వచ్చినట్టుంది. ఈ శాలువా ఎవరైనా కాస్త పట్టుకోండి, మెట్లు దిగాలి.